గుట్ట కింద దర్జీ ఇల్లు

మా పిన్ని నిలబడే టిఫిన్ తింటుంది. కంచం ఎడమ చేతిలో, చూపు కిటికీ బయట మబ్బు మీద. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వీధి తలుపు దాకా వెళ్ళి వస్తుంది, ఇంకో ముద్దకి పెరట్లోకి. "మా ఇంట్లో కుర్చీలు అరగవు," అంటాడు బాబాయి. "ఆవిడ కూర్చుంటే కదా."

బడిలోనూ అంతే. ఆరు, ఏడు తరగతులకి నేల, నీరు, వాతావరణం, వరదలు, భూకంపాల పాఠాలు చెబుతూ బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఏ క్షణాన ఎటునుంచి వస్తుందో తెలీక వెనక బెంచీ వాళ్ళకి హడల్. పిల్లలు పెట్టిన పేరు గాలిమర. ఆ సంగతి పిన్నికి తెలుసు, కోపం లేదు. "గాలిమరతో కరెంటు తీస్తారే, అది ఊరికే తిరగదు," అంది నాతో.

కొండచరియల పాఠానికి ఆవిడకి సొంత పద్ధతి ఒకటుంది. పెద్ద రేకు ట్రేలో మట్టి నింపి ఒక పక్క ఎత్తి పెడుతుంది. మట్టిలో సగం మీద గడ్డి మొలిపిస్తుంది, సగం బోడిగా వదిలేస్తుంది. పిల్లలు తలా ఒక ఖాళీ అగ్గిపెట్టె తెచ్చి, తమ ఇల్లు ఎలాంటి చోట ఉందో చూసుకుని అలాంటి చోట పెట్టాలి. తర్వాత పైనుంచి మగ్గుతో నీళ్ళు. పుస్తకంలో బొమ్మ చూస్తే బుర్రకెక్కనిది, సొంత ఇల్లయితే ఎక్కుతుందని పిన్ని వాదన.

ఒక ఏడాది వానలు మొదలవుతుండగా ఈ పాఠం వచ్చింది. దర్జీ కూతురు, క్లాసులో నోరు విప్పని పిల్ల, తన అగ్గిపెట్టెను బోడి మట్టి వాలు దిగువన పెట్టింది. నీళ్ళు పడగానే మట్టి జారింది, ఆ పెట్టె కనబడకుండా పూడిపోయింది. క్లాసంతా చప్పట్లు. ప్రయోగం అచ్చంగా కుదిరిందని పిన్నీ సంబరపడింది. ఆ పిల్ల ఇల్లు నిజంగానే కంకర కోసం తవ్వేసిన గుట్ట కింద ఉందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

ఆ సాయంత్రం పిల్ల ఇంట్లో అడుగు పెట్టనంది. పుస్తకాల సంచీతో రోడ్డు మీదే కూర్చుంది. బతిమాలారు, తిట్టారు, చివరికి మేనత్త ఇంటికి పంపారు. మర్నాడు దర్జీ బడికి వచ్చాడు, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి.

"మేడమ్, మీరొక్కసారి వచ్చి ఏమీ కాదని చెప్పండి. మేం చెబితే వినట్లేదు. మీరు చెబితే నమ్ముతుంది."

ఆ ఒక్క ముక్క చెప్పేస్తే గొడవ వదిలిపోతుందని హెడ్మాస్టరూ అన్నాడు.

పిన్ని వెళ్ళింది. నేనప్పుడు పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నానేమో, తోడుగా నన్నూ రమ్మంది. దర్జీ ఇంటి వెనక గదిలో కుట్టు మిషన్లు, గోడ వారన యూనిఫారాల దొంతరలు. కిటికీ తీస్తే చేతికందేంత దగ్గరలో గుట్ట, కత్తితో కోసినట్టు నిలువుగా. చరియ జారబోయే ముందు కనబడతాయని పాఠంలో చెప్పే గుర్తులన్నీ పిన్ని ఒక్కొక్కటే వెతికింది. తలుపు బిగుసుకుంటోంది, ఏటా వానలకి ఉబ్బుతుందన్నాడు దర్జీ. బయట కరెంటు స్తంభం వాలి ఉంది; లారీ గుద్దిందన్నాడు. గోడలో పగులుంది, కట్టిన నాటినుంచీ ఉందన్నాడు. దేనికీ తడుముకోలేదు, అబద్ధమాడుతున్నట్టూ లేడు. పిన్ని కాలు కాలిన పిల్లిలా గదికీ వాకిలికీ తిరిగింది. గేటు అవతల నిలబడిన పిల్ల పిన్ని మొహాన్నే చూస్తోంది.

"చెప్పండి మేడమ్," అన్నాడు దర్జీ.

పిన్ని మళ్ళీ కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. చివరికి, "నాకు తెలీదు," అంది.

అంతవరకూ గుండీలు కుడుతూ కూర్చున్న దర్జీ తల్లి తలెత్తింది. "తెలీనిదానివి, పిల్లని ఎందుకమ్మా బెదరగొట్టావు?"

పిన్ని గేటు అవతలి పిల్ల వైపు చూసింది. వానలు వెలిసేదాకా మా ముందుగదిలో ఉండండి, మిషన్లు కూడా తెచ్చుకోండి అనేసింది. బాబాయిని అడగలేదని దారిలో గుర్తొచ్చింది.

పిల్ల పంతం వల్ల వాళ్ళు వచ్చారు. బాబాయి మొహం గంటు పెట్టుకుని, తన చిరిగిన చొక్కాలన్నీ బయటికి తీశాడు. పిన్ని గుట్టను చూడమని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈ సీటు కాదంటే ఈ సీటు కాదన్నారు. దర్జీకి బేరాలు పోయాయి. పాత చిరునామాకి వచ్చినవాళ్ళు తాళం చూసి ఇంకో దర్జీని వెతుక్కున్నారు. అతను రోజూ పొద్దున్నే గుట్టను చూసొచ్చి, "నిక్షేపంలా ఉంది మేడమ్," అనేవాడు. ఆ మాట వినలేక పిన్ని పెరట్లోకి వెళ్ళిపోయేది.

"పడితే బావుండునని ఒక్క క్షణం అనిపించిందే," అంది ఒకసారి, బట్టలు ఆరేస్తూ. "ఎంత పాడు బుద్ధో చూడు."

గుట్ట పడలేదు. వానలు వెలిశాయి, దర్జీ మిషన్లు బండికెత్తాడు. పిల్ల మాత్రం బండెక్కకుండా పిన్ని దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు తెలుసా టీచర్, పడుతుందో లేదో?"

"ఇంకా తెలీదమ్మా."

"మరి ఎవరికి తెలుస్తుంది?"

నేలను చదువుకున్నవాళ్ళకి తెలుస్తుందంది పిన్ని. పిల్ల వెళ్ళి బండెక్కింది. ఇంటికెళ్ళాక తండ్రి చేత పడకలు ముందుగదిలోకి మార్పించిందట. మిషన్లు మాత్రం వెనక గదిలోనే ఉన్నాయి. గుట్టా అక్కడే ఉంది.

పిన్ని ఇప్పుడు దూరవిద్యలో భూగర్భశాస్త్రం చదువుతోంది. మొదటి ఏడాది ఒక పేపరు తప్పింది, మళ్ళీ కట్టింది.