యాభై తొమ్మిదో పోగు

"కొత్త డిజైనా వదినగారూ? పిందెకి పాపిడి తీసేరు, భలేగా ఉందండి," అన్నాడు మా వీధి చివర మగ్గం నేసే మరిది. వరసకే మరిది. నేను వెళ్ళింది వాళ్ళావిడ దగ్గర నాలుగు రెబ్బలు కరివేపాకు కోసం. మగ్గం మీదికి వంగి చూశాను. చీర అంచులో మామిడి పిందెలు వరసగా ఉన్నాయి. ప్రతి పిందెకీ నడిమధ్య పైనుంచి కిందిదాకా ఒక సన్నని ఖాళీ గీత, దువ్వెనతో తీసినట్టు.

నేనే పాపిడీ తీయలేదు.

"ఎంత నేశావు?" అన్నాను.

"నాలుగు గజాలయ్యిందండి, ఆయ్."

కరివేపాకు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. చెప్పులు వేసుకోలేదని సగం దూరం వచ్చాక తెలిసింది.

నాకు నేత రాదు. బండారులంకకి కోడలిగా వచ్చాక నేర్చుకున్నది డిజైన్లు లెక్క కట్టడం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత చీర ఇస్తే భూతద్దం పెట్టి ఒక్కో పోగే లెక్కబెడతాను. ల్యాప్‌టాప్‌లో గళ్ళ షీటు తెరిచి, పైకి లేవాల్సిన పోగుకి నల్ల గడి, కింద ఉండాల్సినదానికి తెల్ల గడి పెడతాను. బొమ్మ పూర్తయ్యాక దాన్ని అంకెల్లోకి మార్చి పొడుగు పుస్తకంలో ఎక్కిస్తాను: యాభై రెండు వదులు, ఆరు ఎత్తు, అలా. అట్టలు కొట్టే ఆయన ఆ అంకెలు చూసి అట్టలకు చిల్లులు పెడతాడు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కిస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో వరసలో అంకెలన్నీ కూడితే రెండు వందల నలభై రావాలి. రాకపోతే ఆ వరస మళ్ళీ మొదటినుంచి చూస్తాను. ఆ లెక్క కంప్యూటరే పెడుతుంది కదా అన్నవాళ్ళున్నారు. బొమ్మ దాచుకోవడానికి అది, లెక్కకి నా కళ్ళు అని వాళ్ళకి జవాబు చెప్పేదాన్ని.

ఈ చీర కొత్తపేటలో ఒక టీచరుగారిది. వాళ్ళమ్మగారి చీర తెచ్చి, అచ్చం ఇలాంటిదే కావాలండీ అని అడిగారు. లెక్కబెడుతూ ఉండగానే ఆ పాత చీర మడతల దగ్గర విడిపోయింది. నేను ముట్టుకోవడం వల్లే చిరిగింది. టీచరుగారు ముక్కల్ని జాగ్రత్తగా దిండు గలీబులో పెట్టుకుని తీసుకెళ్ళారు. ఇక మళ్ళీ పరిచి లెక్కబెట్టేందుకు వీల్లేదు. ఆ అంచు పూర్తిగా ఉన్నది ఒక్క నా ల్యాప్‌టాప్‌లోనే.

ముందు పుస్తకం తెరిచాను. ఆరు ఎత్తు, ఒకటి వదులు, ఏడు ఎత్తు. నా రాతే. వరసలన్నీ కూడి చూశాను. ప్రతిదీ రెండు వందల నలభై. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మీద కూడా పిందె మధ్య ఆ తెల్ల గీత ఉంది. అంటే బొమ్మ గీయడంలోనే తప్పు చేశానా అని షీటుని బాణం మీటతో ఒక గడి పక్కకి జరిపాను.

పిందె జరిగింది. గీత జరగలేదు.

మళ్ళీ జరిపాను. పిందె పోతోంది, గీత ఉన్నచోటే ఉంది.

ఆ గీత నాకు తెలియనిది కాదు. రెండు నెలల కిందట తెర మీద వెంట్రుకంత సన్నగా కనిపిస్తే మరకనుకుని తుడిచాను. పోలేదు. తెల్ల షీటు మీద తెల్ల గీత కనపడదు కనక అడ్డం లేదులే అని వదిలేశాను. అది రోజురోజుకీ లావై, సరిగ్గా ఒక గడి వెడల్పుకి వచ్చింది. యాభై తొమ్మిదో పోగు మీద కూర్చుని నల్ల గడులన్నిటినీ తెల్లగా చూపించింది. పద్నాలుగు ఎత్తు ఉండాల్సింది ఆరూ ఒకటీ ఏడూ అయినా, కలిపితే పద్నాలుగే కదా, మొత్తం తప్పలేదు. ఇన్నేళ్ళూ నేను సరిచూస్తున్నది మొత్తాన్ని మాత్రమేనని అప్పుడు తెలిసింది.

ల్యాప్‌టాప్ మూత టప్పున మూసి, మగ్గం ఆపమని చెప్పడానికి పరుగెత్తాను. తిరిగొచ్చి మూత ఎత్తేసరికి తెరంతా తెల్లగా ఉంది. పిందెలు లేవు, గళ్ళు లేవు, మీట ఏది నొక్కినా అదే తెలుపు.

పిందె మధ్యలో అయితే ఊహించి పూరించవచ్చు. కాడ దగ్గరా, అంచు మలుపు దగ్గరా ఆ పోగు లేస్తుందో లేవదో ఊహకి అందదు. ఆ పూట అన్నం వండాను గాని తిన్నది గుర్తు లేదు.

మర్నాడు దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆటోలో అమలాపురం వెళ్ళాను. కంప్యూటర్ల కొట్టాయన తెర వంక చూసి, "ప్యానెల్ పోయిందండి అమ్మగారూ. ఈ మోడల్‌కి ఇప్పుడు దొరకదండి," అన్నాడు.

"లోపలివి?"

"చూద్దామండి." ఒక వైరు తెచ్చి గోడనున్న పెద్ద తెరకి తగిలించాడు.

అంచు కనిపించింది. పిందె పిందెంతా నల్లగా, పాపిడి లేకుండా. దగ్గరికెళ్ళి యాభై తొమ్మిదో గడి మీద వేలు పెట్టి చూశాను. కొట్టాయన కుర్చీ జరిపాడు.

"లోపలున్నవి మీ మనవల ఫోటోలేమో అనుకున్నానండి?"

"కాదు బాబూ, పోగులు."

అర్థం కాకపోయినా తలాడించి, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌లు వరసగా తెరిచాడు. ఇది స్పీడండి, ఇది బరువు తక్కువండి, ఇందులో ఆటలు బాగా ఆడతాయండి. నేను అడిగింది ఒక్కటే: తెరకి అడ్డంగా ఎన్ని చుక్కలు, అదే పిక్సెళ్ళు?

పాతదానికి పదమూడు వందల అరవై ఆరు. రెండు వందల నలభై పోగులకి పంచితే పోగుకి అయిదు, నూట అరవై ఆరు మిగులు. కొట్టాయన చూపించిన ఒకదానికి పంతొమ్మిది వందల ఇరవై. పోగుకి ఎనిమిది, మిగులు సున్నా. మిగతావి మూసేయమన్నాను.

"అమ్మగారూ, ర్యామ్ అడగరా?"

"తెరంతా తెల్లగా పెట్టు ముందు."

సంచిలోంచి భూతద్దం తీసి తెరకి ఆనించాను. తెలుపు లేదు. ఎరుపు, పచ్చ, నీలం గీతలు పక్కపక్కనే, పడుగు పరిచినట్టు. తెల్ల గడి అని నేను పెట్టుకున్న దాంట్లో అసలు తెలుపే లేదన్నమాట! భూతద్దాన్ని తెర ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపాను. కొట్టాయన నవ్వాడు: "ల్యాప్‌టాప్ కొంటున్నారాండీ, వజ్రం కొంటున్నారా?" తెలుపు, నలుపు, ఎరుపు మూడూ పెట్టించి అంగుళం అంగుళం చూశాకే డబ్బు ఇచ్చాను.

ఇంటికొచ్చి యాభై తొమ్మిదో నిలువు వరస ఒక్కటే లెక్కబెట్టాను. తొంభై ఆరు అట్టల్లో అరవై ఒక్క అట్టకి చిల్లు పడాలి. కళ్ళతో ఒకసారి, కంప్యూటర్‌తో ఒకసారి. రెండూ ఒకటే. అట్టలాయన అట్టల్ని మగ్గం మీంచి దింపించి ఆ చిల్లులు కొట్టాడు. నేసిన నాలుగు గజాలూ కోసి పక్కన పెట్టాం. పడుగు రెండు చీరలకు సరిపడా ఉంది కాబట్టి బతికాం. టీచరుగారికి ఫోన్ చేసి నా వల్ల తప్పు జరిగింది, ఆలస్యమవుతుందని చెప్పాను. "ఆలస్యమైతే అయిందండీ. అమ్మ చీరలాగే రావాలి, అంతే," అన్నారు.

అట్టలు మళ్ళీ మగ్గం ఎక్కించే రోజు మరిదితో, "నిన్ను అనడానికేం లేదు, నువ్వేమో డిజైన్ అనుకున్నావు," అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "అనుకోలేదండి. మూడో పిందెకే తెలిసిందండి తప్పని."

"తెలిసి నాలుగు గజాలు నేశావా?"

"నిరుడు ఒకసారి అడిగేను కదండీ, రెండు పోగులు ఎక్కువయ్యేయేమోనని. పుస్తకం తెచ్చి వరసలన్నీ నాచేత కూడించేరు. ఆఖరికి మీదే రైటు. అందుకే ఈసారి పాపిడీ గీపిడీ అని ఊరికే కదిపి చూసేనండి, ఆయ్."

"ఆ పూట మూడింటిదాకా అన్నం లేదు మా ఆయనకి," అంది వాళ్ళావిడ లోపలినుంచి. "అప్పట్నుంచి మీరొస్తుంటే తన వేళ్ళు సరిగ్గా పది ఉన్నాయో లేదో చూసుకుంటారు వదినా."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నాకూ గుర్తుంది, నేను నెగ్గిన రోజుగా. ల్యాప్‌టాప్ గీత చూసినప్పటికంటే ఎక్కువగా బిత్తరపోయింది వాళ్ళ మాట విన్నప్పుడే.

మొదటి పిందె నేయడం పూర్తయ్యాక కొత్త ల్యాప్‌టాప్ మగ్గం దగ్గరికి పట్టుకెళ్ళాను. భూతద్దం అతనికిచ్చి, "నువ్వు లెక్కబెట్టు," అన్నాను. పోగు మీదా తెర మీదా చూపు మార్చుకుంటూ, పెదాలు కదుపుతూ మొదలుపెట్టాడు. రెండుసార్లు లెక్క తప్పాడు. నేనే అందుకుని లెక్కబెట్టబోయి ఊరుకున్నాను.

కాడ దగ్గర ఆగాడు. నా వంక చూశాడు. "వదినగారూ... ఇక్కడ ఒకటి లేవలేదనుకుంటానండి."

అన్నీ చూశాను, సరిగ్గానే ఉంది అనబోయాను. అనకుండా వంగి చూశాను. నిజంగానే ఒక్క అట్టకి చిల్లు పడలేదు. అరవై ఒకటి అని నేను రాసిచ్చాను గాని, అట్టలాయన కొట్టాక చిల్లులు మళ్ళీ లెక్కబెట్టలేదు.

ఆ ఒక్క పిందె మేర విప్పేసి, అట్ట సరిచేసుకుని నేశాడు. చీర పూర్తయ్యాక టీచరుగారు గలీబులోంచి పాత ముక్క తీసి అంచు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఎవరు లెక్కబెట్టేరండీ ఇంత సరిగ్గా?" అన్నారు.

నేను మరిది వైపు చూపించాను. అతను గబగబా నా వైపు చూపించాడు.