బానెట్ మీద చెయ్యి

అక్క దవాఖాన ఖర్చులకు బావ తన క్యాబ్ అమ్మేశాడు. అక్క దక్కలేదు. మిగిలినదాంతో సాతంరాయిలో, ఎయిర్‌పోర్టు క్యాబుల కోసం ప్రెషర్ వాషింగ్ పెట్టాడు. బానెట్ మీద స్వస్తిక్ కనిపిస్తే అరచేత్తో కప్పి, చుట్టూ నీళ్లు కొట్టేవాడు. ఆ ధారకు చెయ్యి కందిపోయేది.

"కార్లకన్నా నీ చెయ్యే మస్తు మెరుస్తుంది బావా," అనేవాణ్ని.

"ఏ ఇంటి ఆడిబిడ్డ ఏసిందో. ఉండనీ రా."

ఒకరోజు బావ పాత క్యాబే వచ్చింది. అక్క ఎర్ర రంగుతో వేసిన స్వస్తిక్ అలాగే ఉంది.

"గది పాతగైంది, తీసెయ్ అన్నా," అన్నాడు కారు కొన్నాయన.

"పోదన్నా," అన్నాడు బావ, దానిమీద చెయ్యి పెట్టి. 'ఎంతటి మరకైనా పోతుంది' అని షాపుకు బోర్డు రాయించింది కూడా బావే.

కొన్నాయన నవ్వి, నీళ్ల గన్ తానే అందుకున్నాడు. "జర చెయ్యి తియ్." బావ తీశాడు. రంగు పెచ్చులుగా లేచిపోయింది.

"మస్తుందన్నా నీ మిషన్!"

తర్వాత వచ్చిన కారు బానెట్ మీద ఏ గుర్తూ లేదు. బావ దానిమీదా చెయ్యి పెట్టే కడిగాడు.