సీనును అడుగున్రి

ఆడిటర్ ఆఫీసులో చేరిన రెండేళ్లకే నేను మేనేజర్‌నయ్యాను. ఎలా అయ్యావని అడిగినవాళ్లందరికీ ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. కష్టపడ్డానన్నాను, సారు నమ్మాడన్నాను, ఒక్కోసారి అదృష్టమని కూడా అన్నాను. విజయక్క పేరు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తీరవలసిన రోజున, సారు ఎదుట కూర్చుని ఉన్నప్పుడు, అసలు ఎత్తలేదు.

మొన్న మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి తవుడు వాసన వచ్చింది. తల ఎత్తకుండానే రైస్‌మిల్లు మనిషని తెలిసిపోయింది. ఎన్ని బట్టలు మార్చినా ఆ వాసన వాళ్లను వదలదు. మెదక్ రోడ్డులో మేడ మీద ఉండే మా పాత ఆఫీసు నిండా అదే వాసన ఉండేది. వచ్చినాయన నన్ను దాటి చూస్తూ, "కావ్య మేడం లేదా?" అన్నాడు. ఆయన పని ముగించుకొని వెళ్లాక, నా కింద పనిచేసే కావ్య నా దగ్గరికి వచ్చింది. ఆఫీసులో ప్రమోషన్ల మాట నడుస్తున్న రోజులవి.

"సార్, ఏమనుకోకున్రి. మీరు రెండేండ్లకే మేనేజర్ అయిన్రట కద. నేనొచ్చి అంతకంటె ఎక్కువనే అయితుంది. నేను ఎక్కడ తక్కువ పడుతున్న?"

పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "చెప్త తీ" అన్నాను.

హైదరాబాదులోని పెద్ద కంపెనీలలో ఈ ఏడు ఇది, ఆ పై ఏడు అది అని మెట్లుంటాయట. సిద్దిపేటలో మా ఆడిటర్ సారు దగ్గర అలాంటివేమీ లేవు. ఆయనది ఒకటే కొలత. మెట్లెక్కి వచ్చిన క్లయింటు ఎవరి పేరు అడుగుతాడో ఆ మనిషే ఆఫీసుకు పెద్ద. నచ్చిన మనిషి కనబడకపోతే క్లయింటు ఎదురు సందులోని ఇంకో ఆడిటర్ దగ్గరికి పోతాడని ఆయన భయం. అందుకే తలుపు తెరిచిపెట్టుకొని, వచ్చినవాళ్లు ఎవరిని అడుగుతున్నారో వింటూ కూర్చునేవాడు.

నేను బెజ్జంకి నుంచి వచ్చి చేరిన కొత్తలో అందరూ అడిగేది విజయక్కనే. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ఎప్పుడూ నోట్లో సోంపు. టైపిస్టుగా చేరి, పని చేసుకుంటూనే బీకాం చదివి, పన్ను రిటర్నుల నుంచి నోటీసుల జవాబుల దాకా అన్నీ చూసేది. అయినా సేట్లు ఆమెను టైపు మేడం అనే పిలిచేవారు. "టైపు మిషన్ పాత సామానోనికి అమ్మేసిన్రు. నన్ను అమ్ముడు మర్చిపోయిన్రు" అని నవ్వేది.

నాకు లెక్కలు వచ్చు, మాట రాదు. ఒకసారి ఒక మిల్లు సేటు నోటీసు పట్టుకొని వస్తే, తల వంచుకొని సెక్షన్ల నంబర్లు చదివాను. ఆయన చెమటలు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. విజయక్క నా వైపు కుర్చీ తిప్పింది.

"ఆయనకు సెక్షన్లెందుకు సీనూ? భయపడాల్నా, అక్కర్లేదా? గా ముచ్చట చెప్పు ముందుగాల. చాయ్ తాగినంక మిగిలింది చెప్పు."

ఆ తర్వాత ఆమె నాకు నేర్పిన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. మెట్ల మీద సేటు చెప్పుల చప్పుడు వినబడగానే లేచి ఫైళ్ల గదిలోకి పోయేది. "నేను లేనని చెప్పు" అనేది.

"ఉన్నవు కదక్కా."

"ఉన్న. నీకే లేను."

బీరువా వెనుక నిలబడి నా మాటలన్నీ వినేది. సేటు వెళ్లాక వచ్చి ఒక్కొక్కటీ సరిచేసేది. ఫోను వస్తే, "నన్ను గాదు సేటూ, ఇగ సీనును అడుగున్రి. ఆయనకు అంత ఎరుకే" అనేది. నాకు సగం కూడా ఎరుక లేదు. కానీ అడిగేవాళ్లు పెరిగేకొద్దీ నేర్చుకోక తప్పలేదు. కొన్నాళ్లకు మెట్ల మీది నుంచే "సీను సారు ఉన్నడా?" అనే కేకలు మొదలయ్యాయి. ఆ కేక వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అప్పటి మేనేజర్ సొంత ఆఫీసు పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఒకనాడు బస్టాండు వైపు నడుస్తుంటే విజయక్క అంది: "సారు ఈసారి నన్నే చేస్తడు సీనూ. తలుపు మీద పేరు పడితె ఇగ టైపు మేడం అనరు కద."

"నువ్వు గాక ఇంకెవలక్కా?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

నాలుగు రోజులు గడవకముందే సారు నన్ను లోపలికి పిలిచాడు.

"వచ్చినోళ్లంత నీ పేరే చెప్తున్నరు శ్రీనివాస్. విజయ ముందుకు వస్తలేదేంది? ఎవలన్న వస్తె లోపటికి పోయి కూసుంటుంది. ఆమెకు ఇష్టం లేదా, ఇంట్ల ఏమన్న ఇబ్బందా?"

నన్ను అడగమని క్లయింట్లకు చెబుతున్నది ఆమే సార్. ఈ ఒక్క వాక్యం చాలు. అది నా నోట్లోనే ఉంది. నేను "తెల్వది సార్" అన్నాను. "అయితె మేనేజర్ పని నువ్వే చూసుకో" అన్నాడు ఆయన.

అబద్ధం చెబుదామని లోపలికి వెళ్లలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె దాక్కోవడం నా కోసమా, నిజంగానే క్లయింట్లతో విసిగిపోయిందా అని ఆ క్షణంలో అనుమానం వచ్చిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. బస్టాండు దారిలో ఆమె అన్న మాట గుర్తొస్తే ఆ అనుమానం నిలబడదు. సారు కొలత ఆమెకు తెలియదా? తెలిసీ తన క్లయింట్లను నా చేతిలో ఎందుకు పెట్టింది? ఇవన్నీ ఎంత ఆలోచించినా తెగేవి కావు.

మరునాడు నేను తెచ్చిన పేడాలు అందరికీ ఆమే పంచింది. తానూ ఒకటి తింది. తర్వాత నా గది గుమ్మంలో నిలబడి, "సారూ, మీరు జర ఈ ఫైలు చూస్తరా?" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వినట్టే అనిపించింది. వేళాకోళం రేపటికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆ తర్వాత ఆమె నన్ను ఒక్కసారి కూడా సీనూ అనలేదు. అది వేళాకోళం కాకుండా పోయింది ఏ రోజునో నేను గమనించనే లేదు.

కొంతకాలం నా కింద పని చేసి, మానేసి, కొండపాకలో సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకుంది. సారు జబ్బుపడి దవాఖానలో ఉన్నప్పుడు పాత స్టాఫంతా వెళ్లాం. ఆమె రాలేదు. ఆయన పోయినప్పుడూ రాలేదు. ఇంత పంతమేమిటని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

కావ్య అడిగిన తర్వాతి ఆదివారం కొండపాక వెళ్లాను. విజయక్క జుట్టు నెరిసింది, గొంతు తగ్గలేదు. కుర్చీ తుడిచి వేసింది, చాయ్ తెప్పించింది. ఊరి సంగతులు, రోడ్ల సంగతులు మాట్లాడాను. చివరికి, "అక్కా, సారు నన్ను మేనేజర్ చేసిన దినం..." అని మొదలుపెట్టాను.

"గా ముచ్చట ఇప్పుడెందుకు సారూ?" అంది. అంటూనే మళ్లీ తానే అందుకుంది. "ఆయన సంగతి నాకు తెల్వదా? ఎవల పేరు అడుగుతున్నరో ఇనుకుంట కూసుండేటోడు. ఇంటె ఇంటడు, ఏం ఫికర్ లేదనుకున్న. నేనెందుకు ఎన్కకు పోతున్ననో మిమ్ముల ఒక్క మాటన్న అడుగుతడు కద, అడిగితె మీరు చెప్తరు కద అనుకున్న. గన్నేండ్లు చేసినదాన్ని, గా ఒక్క మాట అడగ బుద్ధి గాలే ఆయనకు. గందుకే దవాఖానకు గూడ పోలే నేను. పోయి ఏం మాట్లాడాలె?"

ఆమె ఇన్నాళ్లూ కోపం పెట్టుకున్నది నా మీద కాదని అప్పుడు తెలిసింది. నేను నోరు విప్పకపోతే ఆ కోపం ఇక ముందూ ఆయన మీదే ఉంటుంది. జవాబు చెప్పడానికి ఆయన లేడు.

"అడిగిండక్కా" అన్నాను. "నీ గురించి నన్నే అడిగిండు. నాకు తెలిసి గూడ తెల్వదన్న. సారు తప్పేం లేదు, నాదే తప్పు. నీకు రావాల్సింది నేను తీసుకున్న. నన్ను మాఫ్ చెయ్యక్కా."