కృపావతి సత్తు గిన్నె

కృపావతి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాసే అర్హత కూడా నాకు లేదు. ఆమె చెయ్యని తప్పొకటి ఆమె పేరు మీద కాగితంలో ఉండిపోయింది. చేసినవాణ్ణి నేను కాబట్టి రాస్తున్నాను.

నా పేరు ఉమాకాంతం. తొంభైల్లో నందిగామ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక మండలాఫీసులో గుమాస్తాగా చేశాను. ఊరి పేరు రాయను, ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ల తప్పేమీ లేదు. కృపావతి అక్కడ స్వీపరు. ముప్పై ఏళ్లుంటాయేమో. మేమొచ్చేసరికి గదులూడ్చి, కుండ నింపి, మా కుర్చీలు కూడా తుడిచిపెట్టేది. సెలవు రోజుల్లో మిరపకోతకు పోయేది. మధ్యాహ్నం వేపచెట్టు కింద సత్తు గిన్నెలో అన్నం తినేది. పెళ్లికి వాళ్లమ్మ ఆరోగ్యమ్మ ఇచ్చిన గిన్నె అది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కృపావతి అని పేరు కొట్టించి ఉండేది.

ఆఫీసు ఆవరణలో వర్షమాపకం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు లోపలి సీసా తీసి, పడిన నీళ్లు కొలిచి రిజిస్టరులో రాయాలి. ఆ పని నాది. ఊళ్లో నన్ను వానసారు అనేవాళ్లు. నాకది ఎంత గొప్పగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఏడు మార్చి మార్చిలా లేదు. శివరాత్రి వెళ్లిన వారానికే వడగాలి మొదలైంది. బస్సు కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. కల్లాల్లో కాయ తొందరగా ఎండుతోందని మిరప రైతులు సంబరపడ్డారు. నాకు మాత్రం వేపాకుతో తంటా వచ్చింది. రాలిన ఆకంతా వర్షమాపకం గరాటులో పడేది. దాన్ని ఏరి ఏరి విసుగెత్తి, ఒకరోజు కృపావతిని పిలిచాను.

"నీ గిన్నె ఓసారి ఇయ్యమ్మా."

కడిగి తెచ్చింది. గరాటు మీద బోర్లిస్తే కొలత తీసి చేసిన మూతలా బిగుతుగా సరిపోయింది.

"వానొస్తే ఎట్టా సారూ?" అంది.

"మార్చిలో వానేంటి, నీ పిచ్చిగానీ!"

నేను నవ్వాను. ఆఫీసంతా నవ్వింది. మర్నాటినుంచి ఆమె అన్నం పాత పాలడబ్బాలో తెచ్చుకుంది.

అంతటితో ఊరుకున్నానా? నెలాఖరు దాకా సున్నాలన్నీ ఒక్కసారే రాసేశాను. ఏడింటి బస్సు మానేసి తొమ్మిదింటి బస్సుకు రావడం అలవాటు చేసుకున్నాను.

ఇరవై రెండో తారీకు ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. గాలి లేచింది. ఆ వెంటనే నిమ్మకాయలంత వడగళ్లు. నందిగామలో మా వంటింటి రేకుల కింద నిలబడి ఉండగా గిన్నె గుర్తొచ్చింది. వెళ్లడానికి బస్సులు లేవు. ఉన్నా వెళ్లేవాణ్ణి కానేమో.

సోమవారం ఏడింటి బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా కల్లాల్లోంచి మురుగుకాలవల్లోకి ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. నేను చేరేసరికే జిల్లా నుంచి ఒక అధికారి జీపులో వచ్చి కూర్చున్నారు. చుట్టూ రైతులు. అందరికంటే ముందు వెంకటరత్నం, నాలుగెకరాల కాయ కల్లంలోనే తడిసిపోయినవాడు. నష్టం జాబితాలో ఊరి పేరెక్కాలంటే వర్షమాపకంలో ఎంత పడిందో చూపించాలి.

"ఎన్ని మిల్లీమీటర్లు?" అని అధికారి అడిగారు.

రిజిస్టరు తెరిచాను. ఆ రోజు గడిలో సున్నా ఎప్పుడో రాసి ఉంది. రాబోయే రోజుల సున్నాలు ఆయన కంటపడకుండా వాటి మీద మోచెయ్యి ఆనించి, "సున్నా అండీ" అన్నాను.

ఆయన లేచి బయటికి నడిచారు. వర్షమాపకం మీద గిన్నె కదలకుండా ఉంది. వడగళ్లకు దాని అడుగంతా సొట్టలు పడింది. ఆయన దాన్ని లాగి, అంచు మీద పేరు పైకి చదివారు.

"కృపావతి. ఎవరీవిడ?"

"మా స్వీపరండీ" అన్నాను.

అంతే. అబద్ధం ఒక్క ముక్క కూడా ఆడలేదు. ఆడాల్సిన అవసరం లేకపోయింది. స్వీపరంటే బుర్ర లేనిదని అక్కడున్నవాళ్లంతా ముందే నమ్ముతారని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. గిన్నె అడిగిన రోజు నాతో నవ్విన ఆఫీసువాళ్లు కూడా నన్నే కాసుకున్నారు.

"గిన్నె బోర్లించుకోడానికి అదే దొరికిందటే నీకు?" అని వెంకటరత్నం, వేపచెట్టు కింద చీపురు పట్టుకుని ఉన్న ఆమె మీదకు వెళ్లాడు. ఆమె నావైపు చూసింది. నేను రిజిస్టరు మూసి లోపలికి వెళ్లాను.

స్వీపరు నిర్లక్ష్యం అని కాగితం రాశారు. ఊరికి సాయం రాలేదు, ఆమె ఉద్యోగం పోయింది. మిరపకోతకు కూడా ఎవరూ పిలవలేదు. రెండు నెలలకు ఊరొదిలి వెళ్లిందని విన్నాను.

గిన్నె నేను ఇంటికి తెచ్చాను. ఎవరిదని మా ఆవిడ ప్రసూనాంబ అడిగితే ఆఫీసుదన్నాను. బీరువా మీద అలాగే ఎనిమిదేళ్లుంది.

రిటైరయ్యాక ఒక మార్చిలో, కృపావతి ముక్త్యాలలో ఉంటోందని తెలిసి గిన్నె సంచిలో పెట్టుకుని వెళ్లాను. లారీలు ఆగేచోట ఇడ్లీ బండి దగ్గర ఉంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, "కూర్చోండి సారూ" అని స్టూలు తుడిచింది. ఆ తుడవడం చూసి కూర్చోలేకపోయాను.

గిన్నె చేతికిచ్చాను. వేలితో పేరు తడుముకుంది, సొట్టలు తడుముకుంది.

"తప్పు నాది కృపావతీ. ఆ రోజు నువ్వే చెప్పెయ్యాల్సింది, వానసారు అడిగితే ఇచ్చానని. ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారండీ?" అంది, ఇడ్లీపాత్ర మూత తీస్తూ. "మీరు చెప్తారనుకున్నా. పొద్దుగూకే దాకా గేటు దగ్గరే నిలబడ్డా. మీరు వెనక గేటు నుంచి బస్సుకెళ్లిపోయారని తర్వాత చెప్పారు."