నేను చదివిన పేరు

పదేండ్లు దాటింది, ఒక అబద్ధం మోసుకుంట తిరుగుతున్న. ఇంట్ల ఆమెకు గూడ చెప్పలె. మీరెవరో తెల్వదు గనుక మీకు చెప్తున్న.

గోదావరిఖనిల కేబుల్ చానెల్ల సాయంత్రం వార్తలు చదివేటోన్ని. బజారుల పోతుంటె 'వార్తల సారు' అని నమస్తె పెట్టేటోళ్లు. ఆ నమస్తెల రుచి మరిగిన. తప్పు అక్కడ్నే మొదలైందా? ఏమో.

ఒకనాడు బొగ్గు బాయిల పైకప్పు కూలి ఒక కార్మికుడు సచ్చిపోయిండు. మా రిపోర్టర్ కరీం అక్కడికి పోయిండు. వార్తలకు ఐదు నిమిషాల ముందు ఫోన్ చేసిండు.

"అన్నా, ఓదేలు అంటున్నరు. కాని ఆ షిఫ్టుల ఇద్దరు ఓదేలులున్నరు. ఏ ఓదేలో తెల్వలె. పేరు చదవకు."

"సరే," అన్న.

అన్న గాని, పక్క చానెలోళ్లు ముందుగాల చెప్తరేమోనన్న ఆరాటం నన్ను నిలువనియ్యలె. నాకు ఎరుకైన ఓదేలు ఒక్కడే, మా వెనుక లైను క్వార్టర్లల ఉండేటోడు. ఆయన పేరు ఇంటిపేరుతోని సహా చదివిన. గొంతు బరువు చేసి మరీ చదివిన.

ఓదేలు నాయిన టీవీ ముందు కూసున్నడు. కొడుకు పేరు విన్నడు. లేవబోయి పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేసరికి పానం పోయింది. సచ్చిపోయింది ఇంకో ఓదేలు. ఈ ఓదేలు డ్యూటీ దిగి బొగ్గు మొఖంతోని ఇంటికొస్తె వాకిట్ల తండ్రి శవం.

"పేరు ఎవరిచ్చిండ్రు?" అని మా ఓనర్ అడిగిండు.

"కరీం ఇచ్చిండు సార్," అన్న.

కరీం పక్కనే ఉన్నడు. నా దిక్కు చూసిండు. నోరు తెరిచి మళ్ల మూసిండు. ఎందుకు మూసిండు? నన్ను అన్నా అని పిలిచినందుకా? నా మాట ముందు తన మాట చెల్లదనా? ఆ దినమే కరీం కొలువు పోయింది. బసంత్‌నగర్ల సిమెంటు లారీలకు లోడు ఎత్తుకుంట బతికిండు. ఓదేలు తమ్ముడొచ్చి కరీం చొక్కా పట్టుకుంటె నడుమ పోయి విడిపించింది నేనే. దానికి గూడ జనం నన్ను మెచ్చుకున్నరు.

తెలంగాణ వచ్చినంక నాకు సన్మానం చేసిండ్రు. శాలువ కప్పిండ్రు. ఇన్నేండ్లల ఒక్క అబద్ధం చదవలేదని మైకుల చెప్పిండ్రు. దండ ఏసింది ఓదేలే. తల వంచి ఏయించుకున్న. చప్పట్లు కొట్టిండ్రు.

ఓదేలు ఇల్లు నడిస్తె పది నిమిషాలు. కరీం గూడ బతికే ఉన్నడు. పోయి చెప్పొచ్చు. పోలె. పోతనని మీకు మాట గూడ ఇయ్య.

చదవొద్దన్నది కరీం. చదివింది నేను.