లంగా అంచున కుట్టిన నెంబరు

కువైట్ ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళ గురించి నేను రాసిన నివేదిక రెండు వందల పేజీలు. అంత లావు పుస్తకంలో మనిషికి పనికొచ్చిన ముక్క ఒక్కటే. అది కూడా సంజీవమ్మ నాచేత కక్కించింది. ఈ మాట చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పట్లో మాత్రం తెగ పొగరుండేది.

1989లో మా ఆయన ఉద్యోగం మూలాన కువైట్‌లోని సబా అల్ సలేంలో ఉండేవాళ్ళం. పొద్దున్నే రొట్టెల దుకాణం ముందు పనివాళ్ళు వరస కట్టేవాళ్ళు. నేను కాగితాలు పట్టుకుని అక్కడే ప్రశ్నలు వేసేదాన్ని. ఎన్ని గంటల పని, సెలవుందా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది. రాజంపేట వైపు నుంచి వచ్చిన సంజీవమ్మకు నలభై ఏళ్ళుంటాయి, చదువు రాదు. మూడు రోజులు ఓపిగ్గా జవాబులు చెప్పి, ఉన్నట్టుండి నన్ను నిలేసింది.

"ఏం పాపా, మా కడుపులో ఉండేదంతా రాసుకుంటివి. మాకేం జెప్తావు?"

"నివేదిక వస్తుంది కదమ్మా."

"ఇంగిలీసులోనా? నా మొగానికా?"

వరసంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

మండినా, ఇంటికెళ్ళి నా రాతప్రతే తిరగేశాను. నూట నలభయ్యో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, మన ఎంబసీ వాళ్ళు చెప్పిన మాటగా ఉంది: పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా దాని నెంబరు, ఇచ్చిన ఊరు, తేదీ చెప్పగలిగితే, ఇంటికెళ్ళడానికి తాత్కాలిక కాగితం దొరకడం సులువు. మర్నాడు వెళ్ళి, పేజీతో సహా అదే చెప్పాను.

"ఇంత మంచి మాటను అంత అడుగున దాచిపెట్టినావా!" అని కసిరింది.

పాస్‌పోర్టులన్నీ కఫీళ్ళ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమానుల బీరువాల్లో ఉండేవి. సంజీవమ్మ వాళ్ళ మామాని, అంటే ఆ ఇంటి యజమానురాలిని బతిమాలి, ఆ వివరాలు కాగితం మీద రాయించుకుంది. కాగితం పోతుందని భయం. అందుకని ఆ అంకెలూ అక్షరాలూ లోపలి లంగా అంచుకు ఎర్రదారంతో కుట్టేసుకుంది. "ముగ్గు చూసి ముగ్గు వేయమూ? ఇదీ అంతే" అని వరసలో తక్కినవాళ్ళకూ నేర్పింది.

మరుసటి ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. వేసవి సెలవులకని సంజీవమ్మ యజమానులు అప్పటికే దేశం దాటారు. పాస్‌పోర్టు బీరువాలో, తాళం వాళ్ళ దగ్గర, ఆ ఇంట్లో ఈమె ఒక్కతే. పక్కిళ్ళలో సైనికులు తలుపులు పగలగొడుతున్నారు.

మూడు వారాలకు, మనవాళ్ళను బస్సుల్లో జోర్డాన్ పంపేందుకు ఒక బడిలో పేర్లు రాస్తున్నారు. ఆ బల్ల దగ్గర నేనూ రాస్తున్నాను. సంజీవమ్మ కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. జాబితా చూసే పెద్దాయన పాస్‌పోర్టు అడిగాడు. ఆమె పక్కకు తిరిగి, చీర కాస్త ఎత్తి అంచు చూపించింది.

"దారప్పోగులు చూసి బస్సెక్కించాలా? ఇది చెల్లుతుందని ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"నా పుస్తకంలో ఉంది!" అని సంచిలోంచి నివేదిక తీశాను. ఇల్లు వదిలినా దాన్ని వదల్లేదు మరి. తిప్పుతున్నాను, తిప్పుతున్నాను. దొరకదే! వెనకనుంచి జనం తోస్తున్నారు. ఈ ఒక్క మాట దొరక్కపోతే ఆమె మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. పెద్దాయన తర్వాతి మనిషిని పిలిచాడు.

"నూట నలభయ్యో పేజీ పాపా, అడుగున" అంది సంజీవమ్మ. "నువ్వే గదా జెప్పింది."

పెద్దాయన అది రెండుసార్లు చదివాడు. తర్వాత వంగి, అంచు చూసి నెంబరు రాసుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె వెనక ఇంకో పదకొండుమంది ఆడవాళ్ళు చీర అంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

యుద్ధం అయిపోయాక సంజీవమ్మ మళ్ళీ కువైట్ వచ్చింది, వేరే ఇంటికి. నేను మళ్ళీ రొట్టెల దుకాణం దగ్గరికి వెళ్ళాను. ఈసారి నా చేతిలో నాలుగే పేజీలు, తెలుగులో. నూట నలభయ్యో పేజీ మాట మొట్టమొదట, పెద్ద అక్షరాల్లో ఉంది.

"సదువు. యల్లా, కానీ!" అంది సంజీవమ్మ.

చదవడం మొదలుపెట్టాను. రొట్టెలు తీసుకున్నవాళ్ళు ఇళ్ళకు పోకుండా, తిరిగొచ్చి వరస చివర నిలబడ్డారు.