వెర్నా కుర్చీలో గంటసేపు

మా ఊళ్ళో ఎవరి ముఖం ఒట్టిగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఒక్కతే, వెర్నా హ్రిట్సాక్. మందుల షాపులో దగ్గు బిళ్ళల అరకీ పుట్టినరోజు కార్డుల అరకీ మధ్య ఉన్న చిన్న కౌంటరు ఆమెది. అభ్రకం, జింకు లాంటి ఖనిజాల పొడితో చేసిన ఫౌండేషన్ అక్కడ అమ్ముతుంది. అమ్ముతుంది అనకూడదేమో, అనుగ్రహిస్తుంది అనాలి. డబ్బులు చేత్తో పట్టుకుని "ఆ డబ్బా ఇవ్వు" అంటే ఇచ్చే రకం కాదు.

"ముందు వెనక్కెళ్ళి ముఖం కడుక్కుని రా" అంటుంది. మేయరు గారి భార్యకైనా ఇదే మాట. కడుక్కుని వచ్చి, ఏ క్రీమూ రాయకుండా, దారిన పోయేవాళ్ళందరూ చూస్తుండగా ఆమె ఎత్తు కుర్చీలో గంటసేపు కూర్చోవాలి. అప్పుడు పల్చటి కాగితం నుదుటికీ ముక్కుకీ బుగ్గలకీ అద్ది, కిటికీ దగ్గర ఎత్తి పట్టి చూస్తుంది. కాగితమంతా మరకలు పడితే జిడ్డు చర్మం, దానికి నూనె పీల్చే మట్టి కలిసిన పొడి. నుదుటి దగ్గరా ముక్కు దగ్గరా మాత్రమే మరకైతే అక్కడొక రకం, బుగ్గలకింకో రకం. కాగితం ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొస్తే ఎండు చర్మం. ముందు తేమ క్రీము రాసి, అది ఇంకేదాకా నోరు మూసుకుని ఆగి, ఆ తర్వాతే మెత్తటి పొడి పల్చగా అద్దాలి. రంగు కుదిరిందో లేదో చూడ్డానికి మాత్రం షాపు దీపాలను నమ్మదు. దవడ మీద పొడితో ఓ గీత గీసి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళుతుంది. కెనడాలో మా సాస్కచెవాన్ గడ్డకట్టే జనవరి అయినా సరే.

"చచ్చిపోతున్నా వెర్నా, లోపలికి పోదాం!"

"వణుకుతూ నిలబడు తల్లీ, ఎండలో తప్ప నీ రంగు నాకు తెలీదు."

ఇంతమంది ముఖాలు కడిగించిన మహాతల్లి ఒట్టి ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. "పెళ్ళయినప్పట్నుంచీ నాకంటే ముందే లేచి ముఖం తగిలించుకుంటోంది, లోపలున్నది ఎవరో నాకూ తెలీదు" అని ఆమె మొగుడు ఒరెస్ట్ కాఫీ కొట్టు దగ్గర నవ్విస్తుంటాడు.

చేతుల మీద అంత అదుపున్న మనిషికి నోటి మీద పిసరంత కూడా లేదు. అదే కొంప ముంచింది.

గ్లెనిస్, వెర్నా చిన్నప్పట్నుంచీ ఒకే కంచం ఒకే మంచం. కర్లింగ్ జట్టులో గ్లెనిస్ మంచు మీద రాయి జారిస్తే వెర్నా దాని ముందు చీపురుతో ఊడ్చేది. ఒక చలికాలం పందెం గెలిచి, క్లబ్బులో అందరూ భోజనాలకు కూర్చున్నారు. గ్లెనిస్ ముఖం దీపాల కింద తళతళలాడుతోంది. "నేనేం వేసినా నిలవదే, జారిపోతుంది" అని పాపం నిజంగానే బాధపడింది. వెర్నా నోరు ఊరుకుంటుందా?

"నీ ముఖానికి పౌడరెందుకే? మంచులో కార్లు జారకుండా రోడ్ల మీద చల్లుతారే, ఆ ఇసుక కావాలి!"

హాలంతా గొల్లుమంది. గ్లెనిస్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఫోర్కు కింద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ మాట అక్కడితో ఆగినా బాగుండేది. క్లబ్బులో పోకిరీలు ఆమెకు "ఇసుక బండి" అని పేరు పెట్టారు. ఆమె ఆట మానేసింది. వెర్నా వెన్న టార్టులనే తియ్యటి చిరుతిళ్ళు చేసుకుని ఆమె తలుపు తడితే లోపలి నుంచే "పనిలో ఉన్నా" అంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. వెర్నాకి పంతం లేదు, ఉన్నదల్లా బెంగ. మరో స్నేహితురాల్ని వెతుక్కునే వయసు కూడా కాదు.

అలాంటిది, మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం గ్లెనిస్ షాపులోకి వచ్చింది, కళ్ళదాకా మఫ్లరు చుట్టుకుని.

"వెర్నా గారూ, శనివారం నా పెళ్ళి. అందరికీ చేసినట్టే నాకూ చెయ్యండి."

భర్త పోయిన ఇన్నేళ్ళకు ధాన్యం గోదాములో పనిచేసే లైల్‌ని చేసుకుంటోందన్న సంగతి ఊరందరికీ తెలుసు. పిలుపు రానిది వెర్నా ఒక్కదానికే. అది చాలదన్నట్టు ఈ 'గారూ' ఒకటి!

మఫ్లరు తీస్తే చూడలేకపోయింది. జిడ్డు చర్మానికని టపాలో తెప్పించుకున్న పొడి బుగ్గల మీద పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది.

"ముఖం కడుక్కుని..." అని అలవాటుగా మొదలుపెట్టింది వెర్నా.

"కడుక్కుని ఇక్కడ కూర్చోవాలి, అంతేగా? మళ్ళీ అందరూ నవ్వుకోడానికి."

వెర్నా తువ్వాలు తీసుకుని తనే వెనక్కి వెళ్ళింది. కాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు ఆమె ముఖం మీద ఏమీ లేదు. కనుబొమ్మలు సగమే ఉన్నాయి, ముక్కు పక్కన ఎర్రటి నరాలు, గడ్డం మీద గోధుమ మచ్చలు. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పద. కడుక్కో. ఇద్దరం కూర్చుందాం."

గ్లెనిస్ ఆమెను ఎగాదిగా చూసి, వెళ్ళి కడుక్కొచ్చింది.

ఇద్దరూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. దగ్గు బిళ్ళల కోసం ముసలి ప్రూయిట్ వచ్చాడు. వెర్నా కళ్ళలోకి చూస్తూనే, "ఇవాళ వెర్నా రాలేదామ్మా?" అన్నాడు.

"సెలవు పెట్టిందండీ" అంది గ్లెనిస్ తడుముకోకుండా. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ భుజాలు కదులుతున్నాయి. నవ్వాపుకుంటోంది.

గంట అయ్యాక వెర్నా కాగితం అద్దింది. నుదురు, ముక్కు, బుగ్గలు. ఎక్కడా చుక్క జిడ్డు లేదు. మళ్ళీ అద్దింది. అంతే.

"ఏమే, నీది ఎండు చర్మం! మరి క్లబ్బులో ఆ మెరుపంతా?"

"వేజలీన్. చలిగాలికి ముఖం పగలకుండా మా అమ్మ రాసేది, నేనూ రాస్తాను. నువ్వలా అన్నాక నాది జిడ్డు ముఖమనే అనుకున్నా."

మా ఊళ్ళో ఎవరు రాయరు వేజలీన్? వెర్నా తనూ రాసుకుంటుంది. కాగితం కౌంటరు మీద పెట్టేసింది.

"ఊళ్ళో అందర్నీ గంటసేపు కూర్చోబెట్టి చూసేదాన్ని. నిన్ను ఒక్క నిమిషం కూడా చూడకుండా అనేశానే గ్లెన్. తప్పయిపోయింది."

గ్లెనిస్ డబ్బాలోంచి కాగితం లాగి వెర్నా బుగ్గకు అద్ది, వెలుతురుకు పట్టింది.

"నీదీ ఎండే. ఏ పొడి రాస్తున్నావ్?"

"జిడ్డుది. పెళ్ళినాటి నుంచీ."

"ఊరికి చెప్తావ్ నీతులు!" అని పకపకా నవ్వింది. "శనివారం పొద్దున్నే బ్రష్షులు పట్టుకుని చర్చికి రా. ముఖం కడుక్కుని రా. ముందు నేను నీకు రాస్తాను."

శనివారం చర్చి మెట్ల మీద పెళ్ళికూతుర్ని ఆపి, రంగు చూడాలని ఎండలోకి లాక్కొచ్చింది వెర్నా. దవడ ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. గీత కనబడలేదు, రంగు కుదిరింది. మెట్ల పక్కన మంచులో చల్లే ఇసుక డబ్బా ఉంది. తెల్ల చేతి తొడుగుతోనే గ్లెనిస్ అందులో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వెర్నా అరచేతిలో పోసింది.

"ఇదుంచు. లోపల నా పొడి జారితే అద్దుదువుగాని."

"ఏడిపించకే, నా క్రీమింకా ఇంకలేదు" అంది వెర్నా. అప్పటికే కన్నీళ్ళకు ఆమె బుగ్గల మీద పొడి చారలు కట్టింది. ఇసుక కోటు జేబులో వేసుకుని, గ్లెనిస్ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.